కరోనాలో ఒక ఇల్లు, ఏడు వందల టేపులు

న్యూయార్కు చూడవచ్చిన తెలుగువాళ్ళలో ఫ్లషింగు గణపతి గుడికి వెళ్ళనివాళ్ళు తక్కువ. 1977లో కుంభాభిషేకం జరిగిన ఆ గుడిలో దర్శనం చేసుకొని, కింద కాంటీనులో దోసె తిని, అటునుంచి అటే మాన్‌హట్టన్ మేడల వైపు పోవడం మనవాళ్ళ ఆనవాయితీ. అలా పోయేటప్పుడు ఎక్కే 7వ నంబరు రైలులోనే మూడో స్టేషనులో దిగి, నాలుగు వీధులు నడిస్తే, ఇరవయ్యో శతాబ్దపు సంగీతాన్ని మలుపు తిప్పిన ఒక మనిషి ఇరవయ్యెనిమిదేళ్ళు కాపురమున్న ఇల్లు కనిపిస్తుంది. ఆ పేటకు కరోనా అని పేరు. రోగం కన్న పేరు చాలా పాతది. 2020లో ఆ పేరున్న రోగమే న్యూయార్కు మొత్తం మీద అత్యంత తీవ్రంగా బాధించిన పేటల్లో ఇదీ ఒకటి కావడం విధి వైపరీత్యమనాలి. ఇప్పుడక్కడ వినిపించే భాష ఎక్కువగా స్పానిషు.

ఇల్లు లూయీ ఆర్మ్‌స్ట్రాంగుది. జాజ్ సంగీతంతో బొత్తిగా పరిచయం లేనివాళ్ళు కూడా ఆ గరగర గొంతును ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అయితే ఆ గొంతుతో పాడిన మెత్తని పాటలు ఆయన చివరి దశవి. 1925 నుంచి 1928 దాకా షికాగోలో ‘హాట్ ఫైవ్’, ‘హాట్ సెవెన్’ అనే పేర్లతో చిన్న మేళాన్ని కూర్చుకొని ఆయన ఇచ్చిన రికార్డులే అసలు పునాది. అంతకు ముందు న్యూ ఆర్లియన్సు బాణీలో మేళమంతా కలిసి వాయించేది. ఒక్కడు ముందుకు వచ్చి, ఉన్న స్వరాన్ని పట్టుకొని, అప్పటికప్పుడు దాన్ని మనోధర్మంతో పెంచుకుంటూ పోవడం జాజ్‌కు గుండెకాయ కావడం ఈయన ట్రంపెట్టు చలవే. మన కచేరీలలో రాగాలాపన, నెరవు, కల్పనస్వరం విన్న చెవికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

నేను అక్కడికి వెళ్ళింది ఇల్లు చూడటానికి కాదు, ఆ ఇంట్లో పుట్టిన భాండాగారం కోసం. ఇల్లు కూడా చూశాను. చూసినందుకు సంతోషమే.

1943లో ఆ ఇంటిని కొన్నది ఆయన కాదు, భార్య లూసిల్. హార్లెం కాటన్ క్లబ్బులో నాట్యగత్తెగా ఉండి, అంతకు ముందు సంవత్సరమే ఆయనను పెళ్ళాడింది. ఊరూరా తిరిగే మేళగానికి సొంత కొంప అవసరమన్న ఊహ ఆమెది. ఆయన పర్యటనలో ఉండగానే బేరం చేసి కొనేసింది. ఆయన ఒక తెల్లవారుజామున టాక్సీలో వచ్చి దిగి, ఆ ఇల్లు తనదంటే నమ్మలేక, ఎందుకైనా మంచిదని టాక్సీవాణ్ణి కాసేపు ఉండమన్నాడట. ఈ కథ ఆయనే చెప్పుకున్నాడు, రాసుకున్నాడు కూడా. డబ్బు వచ్చిన తరువాత ఇంతకన్న పెద్ద ఇంటికి, పెద్ద పేటకు మారవచ్చు. మారలేదు. 1971 జూలై 6న నిద్రలోనే కన్నుమూసే దాకా అదే ఇల్లు. సాయంత్రం వేళ మెట్లమీద కూర్చుంటే వీధి పిల్లలు చుట్టూ మూగేవారు. ఆ దంపతులకు పిల్లలు లేరు.

బయటికి అది అందరి ఇళ్ళలాంటిదే. లోపల లూసిల్ ముచ్చట అడుగడుగునా తెలుస్తుంది. నిలువెల్లా అద్దాలు పొదిగిన స్నానాల గది, బంగారు పూత కొళాయిలు, నీలి ఆకుపచ్చ రంగు మెరుగుపెట్టిన అలమరలతో వంటిల్లు. ఆ వంటింటిని చూసి నాతో వచ్చినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. నన్ను నిలబెట్టింది మేడమీద ఉన్న చిన్న గది. ఒక బల్ల, వెనక గోడకు అమర్చిన టేపు రికార్డర్లు, గోడ మీద గాయకుడు టోనీ బెనెట్ స్వయంగా గీసి ఇచ్చిన ఆర్మ్‌స్ట్రాంగు బొమ్మ. ఇంటిని చూపించే మనిషి ఒక మీట నొక్కగానే, అదే గదిలో, చనిపోయి అర్ధశతాబ్దం దాటిన మనిషి గొంతు మాట్లాడటం మొదలు పెట్టింది. పాట కాదు, మామూలు మాట.

1950 డిసెంబరులో ఆయన మొదటి టేపు రికార్డరు కొన్నాడు. అప్పటికి ఆ యంత్రం ఇళ్ళలోకి కొత్తగా వస్తున్న వస్తువు. ఆ తరువాత ఇరవయ్యేళ్ళు అది ఆయనను వదలలేదు, ఆయన దాన్ని వదలలేదు. పర్యటనలకు పోయినప్పుడు ఒక పెద్ద పెట్టెలో దాన్ని అమర్చుకొని వెంట తీసుకుపోయేవాడు. కచేరీ అయిన తరువాత హోటలు గదిలో దాన్ని తిప్పి, మిత్రులతో మాటలు, బూతు జోకులు, ఉత్తరాలు పైకి చదవడం, భార్యతో వాదులాట, అన్నీ ఎక్కించేవాడు. ఏడు వందల దాకా టేపులు పోగుపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఆయన తన రికార్డులనూ ఇతరుల రికార్డులనూ భద్రం కోసం మళ్ళీ ఎక్కించుకున్నవే. ప్రతి టేపుకూ ఒక నంబరు. ఏ టేపులో ఏమున్నదో కాగితం మీద తన చేత్తో రాసిన పట్టిక. ఒకచోట 1923 నాటి తన గురువు కింగ్ ఆలివర్ మేళపు రికార్డులను పెట్టుకొని, వాటి మీద తాను మళ్ళీ ట్రంపెట్టు వాయిస్తాడు. ఇరవయ్యొక్క, ఇరవయ్యిరవై రెండేళ్ళ వయసులో ఆలివర్ వెనక రెండో వాద్యంగా నిలబడిన కుర్రవాడు పాత రికార్డులో, యాభయ్యేళ్ళు దాటిన పెద్దమనిషి పైన. సంగీతం కోసం వినవచ్చు గాని, నాకది గురువుగారి సమాధి దగ్గర శిష్యుడు కూర్చున్నట్టు అనిపించింది.

టేపుల కన్న ముందు కంటబడేవి వాటి పెట్టెలు. చదరపు అట్టపెట్టెల మీద ఆయన పత్రికల్లో ఫోటోలు, టెలిగ్రాములు, శుభాకాంక్షల కార్డులు, తాను నమ్మకంగా వాడే విరేచనాల మందు చీటీతో సహా కత్తిరించి అంటించిన చిత్రాలు. ఇలాంటివి అయిదు వందలకు పైగా ఉన్నాయి. అంటించడానికి వాడింది జిగురు కాదు, పారదర్శకమైన అంటుడు టేపు. కాలం గడిచి అది పసుపెక్కింది. ఆ పసుపు పొరే ఇప్పుడు వాటిని భద్రపరచేవారికి తలనొప్పి అని చూస్తేనే తెలుస్తుంది. పెట్టెల మీద ఆయన పక్కపక్కన పెట్టిన మనుషులను గమనిస్తే, అవి కాలక్షేపానికి చేసినవి కావనిపిస్తుంది. తనకు నచ్చినవాళ్ళ నడుమ తాను ఎక్కడ నిలబడాలో పత్రికవాడు నిర్ణయించకుండా తానే నిర్ణయించుకున్నాడు.

ఎందుకింత శ్రమ? జవాబు ఆయన రాతలో దొరుకుతుంది. ఆర్మ్‌స్ట్రాంగు చదువు అయిదో తరగతి దాటలేదు. అయినా టైపు మిషను ఆయన సామానులో ట్రంపెట్టు తరువాతి వస్తువు. వేషం వేసుకోవడానికీ రంగస్థలం ఎక్కడానికీ మధ్య దొరికిన సమయంలో ఉత్తరాలు కొట్టేవాడు. వాక్యంలో ఎక్కడపడితే అక్కడ పెద్దక్షరాలు, గీతలు, చుక్కలు. చదువుతూంటే అది వ్యాకరణం తెలియక చేసినది కాదని, గొంతులోని ఊనికను కాగితం మీదికి దించే ప్రయత్నమని తట్టుతుంది. 1936లో ఆయన పేరుతో వచ్చిన మొదటి ఆత్మకథ నిండా పరాయి చెయ్యి. 1954లో వచ్చిన రెండో ఆత్మకథ ఆయన రాసినదే అయినా, అచ్చువేసినవారు సాపు చేసి ప్రకటించారు. కనుక అసలు ఆర్మ్‌స్ట్రాంగు ఏమనుకున్నాడో తెలియాలంటే ఈ పెట్టెల్లోని టైపు ప్రతులే గతి.

వాటిలో ఒకటి 1969 మార్చి ఆఖరున న్యూయార్కు బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో మంచం మీద మొదలు పెట్టినది. న్యూ ఆర్లియన్సులో తన చిన్నతనాన ఆదుకున్న కార్నాఫ్‌స్కీ అనే యూదు కుటుంబాన్ని తలచుకొని రాశాడు. పాత సామాను కొనే, బొగ్గు అమ్మే బండి మీద కూర్చుని రేకు బూర ఊదుతూ గిరాకీలను పిలవడం ఆ పసివాడి ఉద్యోగం. వాళ్ళు పిల్లవాడికి రాత్రి అన్నం పెట్టి పంపేవారు, తాకట్టు దుకాణంలో ఉన్న అయిదు డాలర్ల కార్నెట్ కొనుక్కోవడానికి జీతం మీద బయానా సర్దారు. తెల్లవాళ్ళే అయినా తక్కిన తెల్లవాళ్ళు వీళ్ళను చిన్నచూపు చూడటం ఆ వయసులోనే తన కంటబడిందని రాశాడు. ఇంతవరకు ఎవరికైనా ఇష్టంగా చదవబుద్ధేస్తుంది. అదే ప్రతిలో తన జాతివారి మీద, వాళ్ళ అనైక్యత మీద, తాను పడ్డ మాటల మీద చాలా చేదు ఉన్నది. మంచం మీద ఉన్న అరవై ఏడేళ్ళ మనిషి కక్కిన చేదు. ఇప్పటికీ ఆ పుటలను ఉదాహరించేవారు తీపిని ఒక పక్కకు తీసి పెడతారు, లేదా చేదును ఒక పక్కకు తీసి పెడతారు. రెండూ ఒకే కాగితం మీద ఉండటమే ఆ ప్రతి విలువ అని నా అభిప్రాయం. అది పూర్తిగా అచ్చయింది 1999లో, ఆయన పోయిన ఇరవయ్యెనిమిదేళ్ళకు.

తాను పడ్డ మాటలేమిటో కూడా చెప్పుకోవాలి. రంగస్థలం మీద పళ్ళన్నీ కనబడేలా నవ్వడం, చేతిరుమాలుతో చెమట తుడుచుకోవడం, కళ్ళు తిప్పడం ఆయన ధోరణి. యాభయ్యవ దశకం నాటికి తరువాతి తరం నల్లజాతి సంగీతకారులకు అది కంటగింపయింది. తెల్లవారి మెప్పు కోసం ఒదిగి ఒదిగి ఉండేవాణ్ణి అమెరికాలో ‘అంకుల్ టామ్’ అంటారు. పందొమ్మిదో శతాబ్దపు నవలలోని పాత్ర పేరు అది. ఆ ముద్ర ఆర్మ్‌స్ట్రాంగు మీద పడింది. 1949లో న్యూ ఆర్లియన్సు పండుగలో జూలూ రాజు వేషం కట్టి ముఖానికి రంగు పూసుకున్నప్పుడు ఆ ముద్ర మరింత గట్టిపడింది. తన ఊరివాళ్ళు ఇచ్చిన గౌరవమని ఆయన మురిసిపోయాడు. చూసినవాళ్ళకు మరొకటి కనిపించింది.

తరువాత 1957 సెప్టెంబరు. ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో తెల్లపిల్లల హైస్కూలులో చేరబోయిన తొమ్మిదిమంది నల్లపిల్లలను అడ్డగించడానికి గవర్నరు ఫాబస్ సైనికులను నిలబెట్టాడు. అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ఏమీ చేయకుండా ఉన్నాడు. ఆ రోజుల్లో ఆర్మ్‌స్ట్రాంగు కచేరీకి ఉత్తర డకోటా రాష్ట్రంలోని గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊరికి వెళ్ళాడు. పిల్లలను చేర్చుకొనితీరాలని తీర్పు చెప్పిన న్యాయమూర్తి డేవిస్‌ది కూడా ఆ ఊరే. స్థానిక పత్రికలో పనిచేసే ఇరవయ్యొక్క ఏళ్ళ విద్యార్థి లారీ లూబెనో ఏదో ఉపాయంతో హోటలు గదిలోకి చొరబడి లిటిల్ రాక్ గురించి అడిగాడు. పెద్దాయన నోరు విప్పాడు. అధ్యక్షుడికి గుండె ధైర్యం లేదన్నాడు, రెండు నాలుకలవాడన్నాడు, గవర్నరును అచ్చులో వేయడానికి వీల్లేని మాటతో తిట్టాడు. ఆ మాట అచ్చుకు ‘చదువులేని దుక్కివాడు’గా మారింది. ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియనుకు వెళ్ళవలసిన పర్యటన మానుకుంటున్నానని కూడా చెప్పాడు. అవి ఆయన అన్నవేనని పత్రికవాళ్ళు నమ్మకపోతే, కుర్రవాడు మర్నాడు కాగితం పట్టుకొని మళ్ళీ వెళ్ళాడు. చదివి, దాని మీద ఖాయమన్న అర్థం వచ్చే ఒక్క మాట రాసి ఇచ్చాడు. వెంట ఉన్న మేనేజరు ఆ తరువాత ఏదో సర్దబోతే దాన్నీ తోసిపుచ్చాడు. కచేరీలు రద్దు చేయాలని, రికార్డులు బహిష్కరించాలని పిలుపులు వచ్చాయి. తోటి నల్లజాతి కళాకారులు కూడా కొందరు తప్పుపట్టారు. కొద్ది రోజులకే, సెప్టెంబరు 24న, ఐజెన్‌హోవర్ లిటిల్ రాక్‌కు సైన్యాన్ని పంపాడు. ఆర్మ్‌స్ట్రాంగు ఆయనను అభినందిస్తూ తంతి కొట్టాడు.

ఈ కథ చరిత్ర పుస్తకాలలో ఉన్నదే. అయితే ‘ఎన్నడూ నోరు విప్పనివాడు ఒక్కరోజు విప్పాడు’ అన్న ధోరణిలో ఉంటుంది. టేపులు విన్నాక ఆ ధోరణి నిలవదు. దక్షిణాదిన తాను పాడిన హోటళ్ళలోనే తనకు పడక దొరకని రోజులు, తెల్లవాళ్ళ అవమానాలు, వాటి మీద తాను చెప్పిన జవాబులు, వాటి తాలూకు బూతులు, నాలుగు గోడల మధ్య ఆయన సంవత్సరాల తరబడి చెప్పుకొన్నాడు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి వాయించకూడదని లూసియానా రాష్ట్రం 1956లో చట్టం చేస్తే, 1965 దాకా తాను పుట్టిన న్యూ ఆర్లియన్సులో కచేరీ చేయలేదు. ఆ నవ్వు అబద్ధమని నేననడం లేదు. జనాన్ని సంతోషపెట్టడం తన వృత్తి అని ఆయన మనసారా నమ్మాడు. కాని నవ్వే ఆయన సర్వస్వమని తేల్చినవాళ్ళు ఆయన ఇంట్లో ఈ టేపులు తిరుగుతున్నాయని ఎరగరు. తాను పోయాక ఎవరో ఒకరు వింటారన్న ధీమాతోనే ఆయన నంబర్లు వేశాడు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉన్నది. భార్యాభర్తల వాదులాట మనం వినవచ్చునా? టేపు తిరుగుతున్నదని ఆయనకు తెలుసు; ఎదుటి మనిషికి ప్రతిసారీ తెలుసునా? చనిపోయినవాళ్ళ ఉత్తరాలు అచ్చువేసేటప్పుడు మన సాహిత్యంలోనూ ఈ గొడవ వస్తూనే ఉంటుంది. ఆయన అనుమతి ఉన్నది గదా అని నాకు నేను చెప్పుకున్నాను గాని, గదిలో ఉన్న మూడో మనిషి అనుమతి సంగతి తేలలేదు.

ఇన్ని భద్రపరచినవాడికి తన పుట్టినరోజు తెలియదు. 1900 జూలై 4న పుట్టానని జీవితమంతా చెప్పుకున్నాడు. కొత్త శతాబ్దం, పైగా అమెరికా స్వాతంత్ర్య దినం. పాట కట్టినట్టు ఉన్నది గనుక లోకం నమ్మింది, కొందరు అనుమానించారు. ఆయన పోయిన పదిహేడేళ్ళకు, 1988లో, టాడ్ జోన్స్ అనే పరిశోధకుడు న్యూ ఆర్లియన్సులోని ఒక కాథలిక్ చర్చి దస్త్రాలలో బాప్తిస్మపు నమోదు బయటపెట్టాడు. అసలు తేదీ 1901 ఆగస్టు 4. మతగురువు లాటిన్ భాషలో పసిబిడ్డ పేరు పక్కన నల్లవాడు, అక్రమ సంతానం అని రాసుకున్నాడు. ఆయన గురించి లోకంలో మొదటి లిఖిత సాక్ష్యం అదీ. బడిలో వేసేటప్పుడు పంతులుగారు లెక్కకట్టి రాసిన పుట్టినరోజుతో ఉద్యోగ విరమణ దాకా నడిపించిన పెద్దలు మన ఇళ్ళలోనూ ఉన్నారు గనుక తేదీ తప్పడం మనకేమీ వింత కాదు. ఆ రెండు లాటిన్ మాటలు మాత్రం మరచిపోవడం కష్టం.

లూసిల్ 1983లో చనిపోయింది. ఇల్లు నగరానికి చెందేలా ఏర్పాటు చేసి పోయింది. అంతకు ముందే, 1976లో, ఆ ఇంటికి జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. మేడమీద, అలమరలలో ఉన్న టేపులు, అయిదు ట్రంపెట్టులు, వేలకొద్దీ ఫోటోలు, పత్రికల ముక్కలు అంటించిన ఎనభైకి పైగా పుస్తకాలు, టైపు ప్రతులు ఇవన్నీ దగ్గరలోని క్వీన్స్ కళాశాల గ్రంథాలయానికి చేరాయి. మైకేల్ కాగ్స్‌వెల్ అనే ఆయన వాటిని ఒక్కొక్కటే విప్పి, పట్టిక వేసి, 1994లో పరిశోధకులకు తెరిచాడు. 2003 అక్టోబరులో ఇల్లు ప్రదర్శనశాల అయింది. కాగ్స్‌వెల్ 2020లో మరణించాడు. ఇంటి ఎదురుగా కొత్త కట్టడం 2023 జూలై 6న, అంటే ఆర్మ్‌స్ట్రాంగు వర్ధంతి నాడు, తెరిచారు. భాండాగారం కళాశాల నుంచి మళ్ళీ ఆ వీధికే వచ్చింది. పక్కింట్లో పుట్టి పెరిగి, ఆ దంపతులతో కలసిమెలసి తిరిగిన ఒక పెద్దావిడ 2011లో పోతూ తన ఇంటిని కూడా ప్రదర్శనశాలకే రాసి ఇచ్చింది.

సంగీతకారుడి ఇంటివారు ఇలా పూనుకోవడం మనకు బొత్తిగా తెలియనిది కాదు. అన్నమాచార్యుల పాటలను కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించకపోయినట్లయితే, తిరుమల గుడిలోని ఆ చిన్న అరలో అవి నాలుగు శతాబ్దాలు చీకటిలో పడి ఉండకపోయినట్లయితే, ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారికీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారికీ పరిష్కరించడానికి ఏమీ ఉండేది కాదు. అయితే రాగిరేకుల మీద పాటలు మిగిలాయి, పాడిన గొంతు మిగలలేదు. కరోనా ఇంట్లో ఆ రెండో భాగ్యం కూడా ఉన్నది. ఇక మన నిన్నటి తరం గాయకుల, వాద్యకారుల ఇళ్ళలో స్పూల్ టేపులు ఏ అటక మీద ఉన్నాయో, వాటిని తిప్పే యంత్రం ఎవరి దగ్గర ఉన్నదో, అడగవలసినవాళ్ళు ఇప్పుడే అడగడం మంచిది. అయస్కాంతపు పూత రాగి అంత ఓపిక పట్టదు.

టేపులు, చిత్రాలు, రాతప్రతులు డిజిటల్ రూపంలోకి మార్చే పని పూర్తయి, 2018 చివర నుంచి చాలా భాగం ఇంట్లో కూర్చొనే చూసే వీలు కలిగింది. వెళ్ళగలిగితే వెళ్ళడమే నయం. పట్టికలోని అక్షరాలు అసలు కాగితం మీద చూడాలి. 1971 మార్చిలో వాల్డార్ఫ్ అస్టోరియా హోటలులో ఆఖరి కచేరీలు చేసి, ఆ వెంటనే ఆసుపత్రి పాలై, మే నెలలో ఇంటికి వచ్చాడు ఆర్మ్‌స్ట్రాంగు. ట్రంపెట్టు ఎక్కువ సేపు ఊదే శక్తి లేదు. ఆ చివరి కాలంలో ఆయన మేడమీది గదిలో కూర్చొని పాత టేపులు తీసి వింటూ, కొత్త నంబర్లు వేస్తూ, కొత్త పట్టిక రాస్తూ గడిపాడు.